మేం తినమండీ

మా మామ్మ చెప్పే కథలో పిల్లి చేపలు మానేసింది. అసలు కథలో అది మానేసింది మాంసం అని చాలా ఏళ్ళకి గానీ తెలీలేదు. కవిటి దగ్గర, రాత్రి మంచం మీద పడుకుంటే సముద్రం హోరు వినిపించే ఊరు మాది. అక్కడ పిల్లి ఏదైనా మానేసిందంటే జనం నోరెళ్ళబెట్టాల్సింది చేప గురించే కదా.

"ఓలమ్మ! ఆ పిల్లి గెద్దతోటి ఏటన్నాదో ఎరికా? బాబూ, నాను సేపలు మానీసినాను. రోజూ గంగలో తానం సేస్తన్నాను. నాకీ సెట్టుకాడ కూసింత సోటియ్యి అన్నాది" అంటూ మామ్మ లెంపలు వాయించుకుని మరీ చూపించేది. గుంటలం నలుగురం పడీపడీ నవ్వేవాళ్ళం. మామ్మ మాత్రం నవ్వేది కాదు. చివర్లో గద్ద చచ్చిపోతుంది కదా, దానికోసం మొహం ముందునుంచే సిద్ధంగా పెట్టుకునేది.

కథ తెలీనివాళ్ళకి రెండు ముక్కలు. గంగ ఒడ్డున ఒక కొండ, కొండ మీద పెద్ద జువ్విచెట్టు. ఆ చెట్టు తొర్రలో జరద్గవం అనే ముసలి గద్ద. దానికి కళ్ళు పోయాయి, గోళ్ళు ఊడిపోయాయి. చెట్టుమీద పక్షులు తమ తిండిలోంచి తలా కాస్త తీసి దానికి పెడతాయి. అవి మేతకి పోయినప్పుడు ఇది పిల్లల్ని చూస్తూ ఉంటుంది. చూడ్డమేముంది, వింటూ ఉంటుంది. అక్కడికి దీర్ఘకర్ణుడనే పిల్లి వస్తుంది. ఎవర్రా అంటే పిల్లినండీ అంటుంది. పో, లేకపోతే చంపేస్తానంటుంది గద్ద. పిల్లి బతిమాలి, నమ్మించి, తొర్రలో చోటు సంపాదిస్తుంది. ఇక రోజుకో పక్షిపిల్లని తొర్రలోకి తెచ్చుకుని తినేస్తుంది. పిల్లలు ఏమైపోతున్నాయని పక్షులు వెతకడం మొదలెట్టేసరికి జారుకుంటుంది. తొర్రలో ఎముకలు దొరుకుతాయి. పక్షులన్నీ ఈ ముసలిదే తినేసిందనుకుని గద్దని చంపేస్తాయి.

కులమూ నడతా తెలీనివాడికి ఇంట్లో చోటివ్వకూడదని దీని నీతి. "అజ్ఞాతకులశీలస్య" అని మొదలవుతుంది శ్లోకం. మామ్మకి శ్లోకం రాదు. ఆమె తీసిన నీతి వేరు. "ముసిలోళ్ళకి గుంటల్ని అప్పగించి ఎలిపోతే ఇలగే అవుతాది" అనేది, వంటింట్లో ఉన్న మా అమ్మకి వినపడేలా.

ఈ కథ నా జీవితంలోకి ఇంకోలా వచ్చింది. అందులో పిల్లి వేషం నాది.

తిత్లీ తుఫాను 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. మా ప్రాంతం పేరు ఉద్దానం, అంటే ఉద్యానవనమే అంటారు. కొబ్బరి, జీడిమామిడి, పనస. తెల్లారి తలుపు తీసి చూస్తే మా తోటలో నిలబడి ఉన్న కొబ్బరిచెట్లు వేళ్ళమీద లెక్కపెట్టేలా ఉన్నాయి. వేళ్ళతో సహా పడిపోయినవి కొన్ని, మొవ్వు విరిగి మొండెంలా మిగిలినవి కొన్ని. జీడితోటలో అయితే ఏ కొమ్మ ఏ చెట్టుదో కూడా పోల్చలేం. కరెంటు చాలా రోజులు లేదు. నాన్న ఒకటే లెక్క పదేపదే చెప్పేవాడు: ఇవాళ కొబ్బరిమొక్క నాటితే కాపుకి ఐదారేళ్ళు. అప్పటిదాకా ఏం తింటాం? విజయనగరంలో మా బావకి జెరాక్సు, డీటీపీ షాపు ఉండేది. ఆయన హైదరాబాదు వెళ్ళిపోతూ "నువ్వు చూసుకో బావా" అన్నాడు. అలా 2019 వేసవిలో నేను, మా ఆవిడ, ఆరేళ్ళ పాప ఈ ఊరొచ్చాం.

ఇల్లు వెతకడం మొదలెట్టాం. మా షాపులో రోజూ తయారయ్యేవి రెండే రకాలు: అద్దె అగ్రిమెంట్లు, టులెట్ బోర్డులు. అగ్రిమెంటు ఎప్పుడూ 11 నెలలకే ఎందుకని కొత్తలో నాకూ తెలీదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాదికి మించిన లీజుని తప్పకుండా రిజిస్టరు చేయించాలట. ఆ ఖర్చూ, ఆ తిరుగుడూ ఎందుకని దేశమంతా 11 నెలల దగ్గర ఆగుతుంది. బోర్డుల సంగతి ఇంకా సులువు. "ఇల్లు అద్దెకు ఇవ్వబడును" పెద్దక్షరాల్లో, దానికింద ఫోన్ నంబరు, దానికింద చిన్నక్షరాల్లో "శాకాహారులకు మాత్రమే". ఈ చివరి లైను వచ్చే బోర్డులు ఎన్నో ఉండేవి కాబట్టి బావ దాన్ని విడిగా సేవ్ చేసి పెట్టుకున్నాడు. అవసరమైనప్పుడు తెచ్చి అతికించడమే.

పగలు ఆ లైను అతికించి, సాయంత్రం ఆ బోర్డులున్న ఇళ్ళకే వెళ్ళేవాణ్ణి. గుమ్మంలోనే ఇంటర్వ్యూ. ఏ ఊరండీ? ఎంతమంది ఉంటారు? చుట్టాలు వస్తూపోతూ ఉంటారా? నీళ్ళు ఎక్కువ వాడతారా? అన్నీ అయ్యాక, మంచినీళ్ళ గ్లాసు చేతికిస్తూ, ఏదో గుర్తొచ్చినట్టు: "ఇంతకీ మీరేవిట్లండీ?" కొందరు ఆ మాట కూడా అడగరు, ఇంటిపేరు అడిగి కాసేపు పైకప్పుకేసి చూస్తారు. గ్లాసు ఖాళీ చేసి ఇచ్చేశాక "మా తమ్ముడు వస్తానంటున్నాడండీ" అంటారు. ఆ నెలలో విజయనగరంలో ఎంతమంది తమ్ముళ్ళు వచ్చారో లెక్కలేదు.

అయ్యకోనేరు గట్టుకి రెండు సందుల అవతల ఒక డాబా ఇల్లు. ఓనర్లు పైన, కింద వెనక పోర్షన్ ఖాళీ. ఓనరుగారు మర్యాదస్తుడు. ఏవిట్లూ అనలేదు. "ఎవరైతే ఏముందండీ, మా అమ్మగారికి మడి, ఆచారం. నీచు వాసన పడదు. అదొక్కటే" అన్నారు. మా ఆవిడ నావైపు చూసింది. పాప "నాన్నా, మనం" అని ఏదో అనబోయింది. దాని భుజం మీద చెయ్యేసి కాస్త గట్టిగా నొక్కాను.

"మేం తినమండీ" అన్నాను.

దీర్ఘకర్ణుడికి గంగాస్నానం, బ్రహ్మచర్యం, చాంద్రాయణ వ్రతం అని బోలెడు మాటలు పట్టాయి. నాకు రెండే పట్టాయి.

మాట ఇచ్చినంత సులువు కాదు తినకుండా ఉండడం. నెల తిరక్కుండానే నెత్తళ్ళు, అవే చిన్న చేపలు, వచ్చాయి ఇంట్లోకి. నెత్తళ్ళయితే ఎముకా గిముకా మిగలదు, సాక్ష్యం ఉండదు. పైన టీవీ సీరియల్ సౌండు పెరిగాక, కిటికీలు మూసి, వీధి తలుపు కింద తడిగుడ్డ కుక్కి, రెండు అగరొత్తులు వెలిగించి వేపేవాళ్ళం. పొట్లం కట్టిన కాగితం కూడా ఇంటి చెత్తలో వెయ్యకుండా నా టిఫిను బ్యాగులో పెట్టుకుని, గంటస్తంభం దాటాక పడేసేవాణ్ణి. ఇదంతా నాలుగు చెంచాల నెత్తళ్ళ కోసం. తినేటప్పుడు ముగ్గురం మాట్లాడుకునేవాళ్ళం కాదు.

ఈ గుట్టు వీధి మొత్తంలో ఒక్కరికే తెలుసనుకునేవాళ్ళం. వానలు పడ్డాక ఒకరోజు పెరటి గుమ్మంలో వచ్చి కూచుంది. బూడిదరంగు మీద నల్ల చారలు, ఎడమ చెవి సగం లేదు. ఏ కుక్కో కొరికేసినట్టుంది. పాపకి అప్పుడే జువ్విచెట్టు కథ చెప్పాను. దీర్ఘకర్ణుడంటే పొడుగు చెవులవాడు అంటే, "పొడుగు చెవులుంటే కుందేలు కదా నాన్నా" అంది. దీనికి మాత్రం అరచెవి అని పేరు పెట్టింది. మూసిన కిటికీలోంచి కూడా దానికి కబురెలా అందేదో గానీ, మూకుడు పొయ్యెక్కిన పది నిమిషాలకి హాజరు.

ఆగస్టులో పిల్లల్ని పెట్టింది. రెండు. పిల్లి పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందని ఊరికే అనలేదు. ముందు మెట్లకింద పాడైన కూలరులో పెట్టింది, అక్కణ్ణుంచి ఓనరుగారి పాత గోనెల మీదికి, అక్కణ్ణుంచి మా అటక మీదికి. మెడ దగ్గర చర్మాన్ని నోటితో పట్టుకుంటే పిల్ల కాళ్ళు ముడుచుకుని, కదలకుండా, సంచిలా వేలాడుతుంది. మా ఆవిడ అటకకేసి చూస్తూ "దీనికి నయం, ఎవర్నీ అడగక్కర్లేదు" అంది. ఒక పిల్లని పాలావిడ పట్టుకెళ్ళింది. రెండోది మిగిలింది.

విజయనగరంలో దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం సిరిమాను. పైడితల్లి అమ్మవారి పండగ. పెద్ద మాను కొసన పూజారి కూచుంటే మూడు లాంతర్ల దగ్గర గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిప్పుతారు. ఆ వేళకి ఊళ్ళో ఉన్నవాళ్ళంతా ఆ దారిలోనో, ఆ దారికి రెండువైపులా ఉన్న డాబాల మీదో ఉంటారు. పండక్కి మా అమ్మ కవిటి నుంచి వచ్చింది. వస్తూ వస్తూ మూడు వరసల పేపర్లో చుట్టి వంజరం ఉప్పుచేప తెచ్చింది. ఓనరుగారూ వాళ్ళ చుట్టాలూ మధ్యాహ్నమే వెళ్ళిపోయారు. బామ్మగారొక్కరూ ఇంట్లో ఉండిపోయారు. నీటికాసులొచ్చి ఆవిడకి చూపు దాదాపు పోయింది. సిరిమాను తీసుకెళ్ళి ఏం చూపిస్తాం అనుకుని ఉంటారు.

మా అమ్మకి ఇంతకంటే మంచి సమయం కనపడలేదు. నేను కిటికీ మూయబోతే కోప్పడింది.

"సొంత డబ్బులెట్టి కొన్న సేప. కిటికీలేసుకుని వండుకోడమేటిరా? మనమేటి దొంగలమా?"

కిటికీ సగం మూసి సగం తెరిచి, రాజీ పడ్డాం. వేగిన ముక్క అంచులు ఎర్రబడి, ఉప్పు బుడగలుగా పైకి తేలుతుంటే, నాలుగు నెలల్లో మొదటిసారి మా ఇంట్లో మా ఇంటి వాసన వచ్చింది. పచ్చిమిరపకాయ నంజుకుని చద్దన్నంతో తిన్నాం. మాట్లాడుకుంటూ తిన్నాం. అమ్మ ముళ్ళన్నీ ఒక కాగితంలో వేసి పెరట్లో అరచెవి ముందు పెట్టింది. పెద్ద ముల్లు, నడుంది, దువ్వెనలా ఉంటుంది చూడండి, అది నోట కరుచుకుని గోడెక్కి పోయింది. ఆ వారం దాని పిల్ల ఎక్కడుందో మేం పట్టించుకోలేదు. ఏడో ఇల్లు పై వాటా వరండాయే. తులసికోట వెనకాల.

రాత్రి ఎనిమిదింటికి పైనుంచి కేకలు. ఓనరుగారి భార్య తులసికోట దగ్గర దీపం పెట్టబోతే కాలికింద కరకరమందట. ఓనరుగారు మెట్లు దిగి వస్తుంటే నేను వీధి గుమ్మంలో నిలబడి ఉన్నాను. కుడిచెయ్యి వెనక్కి పెట్టుకున్నాను, సబ్బుతో మూడుసార్లు కడిగినా వాసన పోలేదని. ఆయన చేతిలో కాగితం, కాగితంలో ఆ దువ్వెన.

"ఏవండీ, ఇది..." అన్నారాయన.

నేను నోరు తెరిచేలోపు పైనుంచి బామ్మగారి గొంతు. "ఆ దిక్కుమాలిన పిల్లి ఎక్కణ్ణుంచో ఎత్తుకొచ్చిందిరా! ఇందాకే చప్పుడైంది. పండగపూట ఊరంతా వండుకుంటారు. వాళ్ళనేమంటావ్, దాన్ని వదిలించుకో ముందు."

ఓనరుగారు నా మొహం చూశారు. "అవునండీ, ఈమధ్య మరీ తిరుగుతోంది" అన్నాను నేను. ఇది రాయడానికి ఆరేళ్ళు పట్టింది నాకు.

మర్నాడు పొద్దున్నే ఖాళీ బియ్యం సంచితో వచ్చారు. మీ దగ్గరకైతే వస్తుంది కదా, పిలవండి అన్నారు. పిలిచాను. వచ్చింది. వచ్చి, తోక నిటారుగా పెట్టి, నా పిక్కకి ఒళ్ళు రాసింది. మెడ దగ్గర చర్మం పట్టుకున్నాను, అది పిల్లల్ని పట్టుకునే చోటే. కాళ్ళు ముడుచుకుని ఊరుకుంది. సంచిలో పడ్డాక గానీ దానికి అర్థం కాలేదు.

స్కూటరు ఆయన నడిపారు. సంచి ఒళ్ళో పెట్టుకుని వెనకాల నేను. ప్లాస్టిక్ అల్లిక సందుల్లోంచి గోళ్ళు బయటికి వచ్చి, మళ్ళీ లోపలికి పోయేవి. ముందు అరిచింది, తర్వాత ఒక రకంగా గుర్రుమంది, తర్వాత ఏమీ లేదు. సంచి అడుగు వెచ్చగా ఉంది, కాసేపటికి తడిగా అయింది. నెల్లిమర్ల దాటి, చంపావతి వంతెన మీంచి అవతలికి తీసుకెళ్ళాం. ఏరు దాటిస్తే పిల్లి తిరిగి రాదని మావైపు అంటారు. ఇక్కడా అదే నమ్మకం అని అప్పుడే తెలిసింది. తాటిచెట్ల దగ్గర సంచి మూతి విప్పాను. పరిగెడుతుందనుకున్నాను. పరిగెట్టలేదు. నాలుగడుగులు వేసి కూచుని, మావైపు ఒకసారి చూసి, ముందుకాలు నాక్కోవడం మొదలెట్టింది.

"పదండి" అన్నారు ఓనరుగారు.

రెండు రోజుల తర్వాత అద్దె ఇవ్వడానికి పైకి వెళ్తే బామ్మగారొక్కరే వరండాలో ఉన్నారు. వత్తులు చేసుకుంటున్నారు, వేళ్ళతో తడుముకుంటూ.

"అబ్బాయ్, నాకు కళ్ళు లేవు గానీ ముక్కుంది" అన్నారు. నేను నిలబడిపోయాను. "మీరు వచ్చిన నెలలోనే తెలుసు నాకు. ఎక్కడివాళ్ళో ఏమో, చిన్నపిల్లతో మళ్ళీ ఎక్కడికి పోతారులే అని ఊరుకున్నా." ఇంకో వత్తి చేసి పళ్ళెంలో పెట్టి, "వండేప్పుడు ఆ కిటికీలు మూయకండి. మూస్తే వాసన మెట్లమీదుగా తిన్నగా పైకే వస్తోంది. పెరటివైపుది తెరిచి పెట్టు, గాలికి పోతుంది" అన్నారు.

సరేనండీ అన్నాను. పిల్లి మాట ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆ ఇంట్లో ఇంకో రెండేళ్ళున్నాం. పెరటి కిటికీ తెరిచే వండుకున్నాం.

2021లో ఒక రిటైర్డ్ సంస్కృతం మాస్టారు నాలుగు నోటుపుస్తకాలు తెచ్చి టైపు చెయ్యమన్నారు. హితోపదేశం మిత్రలాభానికి ఆయన రాసుకున్న తాత్పర్యం. పేజ్‌మేకర్‌లో, అనూ ఫాంటుతో కొడుతూ ఉంటే మూడో రోజు జువ్విచెట్టు వచ్చింది. మామ్మ కథ మొదటిసారి అచ్చంగా చదివాను, కొట్టడం ఆపి.

నేను ఎదురుచూడనిది పిల్లి మాట్లాడే తీరు. ఇంటికొచ్చినవాడు శత్రువైనా ఆదరించాలి, తనని నరికేవాడి మీదనుంచి కూడా చెట్టు నీడ తీసెయ్యదు అంటుంది. ఏమీ లేకపోయినా కూచోడానికి కాస్త గడ్డి, చోటు, నీళ్ళు, మంచిమాట, ఈ నాలుగూ మంచివాళ్ళ ఇళ్ళలో ఎప్పుడూ ఉంటాయంటుంది. ఇంకా ముందుకెళ్ళి, పుట్టుకని బట్టే ఒకణ్ణి చంపడమో పూజించడమో ఏమిటి, నడత చూసి కదా తేల్చాలి అని అడుగుతుంది. గుమ్మాల్లో నీళ్ళగ్లాసు పట్టుకుని నిలబడినప్పుడు నాకు తట్టాల్సిన మాటలన్నీ అక్కడున్నాయి. ఆ మాటలు చెప్పడానికి నారాయణ పండితుడు ఎవర్ని పెట్టాడు? పక్షిపిల్లల్ని తినడానికొచ్చిన అబద్ధాలకోరుని.

పోనీ అక్కడితో ఆగాడా? ఈ కథని ఒక లేడికి కాకి చెబుతుంది, ముక్కూమొహం తెలీని నక్కతో స్నేహం వద్దని. నక్క ఊరుకోదు. నువ్వు మాత్రం ఈ లేడిని మొదట చూసిన రోజున నీ కులమూ నడతా దానికి తెలుసా, మరి మీ స్నేహం ఎలా పెరిగింది అని కాకిని అడుగుతుంది. లా చదివిన నక్కలా ఉంది. వీడు మనవాడు, వాడు పరాయివాడు అనే లెక్కలు చిన్నబుద్ధులవాళ్ళకి, పెద్దమనసున్నవాళ్ళకి భూమంతా ఒకే కుటుంబం అంటుంది. అదే, వసుధైవ కుటుంబకం! మహోపనిషత్తులోనూ ఉందట ఆ శ్లోకం. ఇక్కడ మాత్రం లేడిని వలలో పడేసి తినాలని చూస్తున్న నక్క నోట వస్తుంది. 2023లో విశాఖలో జీ20 సమావేశం జరిగినప్పుడు ఆ మాట ఎక్కడ చూసినా బోర్డుల మీద కనపడేది. చూసినప్పుడల్లా నాకు నక్కే గుర్తొచ్చేది, ఏం చెయ్యను.

మాస్టారుని అడిగాను. మంచిమాటలన్నీ దొంగలకే ఎందుకిచ్చాడండీ అని. ఆయన నవ్వి, "మంచిమాట విన్నా సరే, చెప్పేవాడెవడో చూసుకోమని" అన్నారు. రాజు కొడుకులకి రాజనీతి నేర్పే పుస్తకం, జాగ్రత్త నేర్పకపోతే ఎలా అన్నారు. నిజమే కావచ్చు. నేను రాజు కొడుకుని కాదు, పోర్షన్ వెతుక్కున్నవాణ్ణి. నాకు ఆ కథలో లోపం ఇంకోచోట కనపడింది. అబద్ధం చెప్పింది నేను, ఇల్లు దొరికింది నాకు. అరచెవి ఏ రోజూ తిననని అనలేదు. అందరి ఎదుటా తినేది. దాన్నే ఏరు దాటించాం. ఇక గుడ్డి జరద్గవం అన్నీ తెలిసి చోటిచ్చింది. ఇది ఏ పుస్తకంలో పెట్టి టైపు చెయ్యాలో నాకు తెలీదు.

ఆ లేడి, కాకి, నక్కల కథ జరిగే అడవి పేరు చంపకవతి. మా చంపావతికి ఒక్క అక్షరం అటూ ఇటూ. ఆ పేరు కొట్టేటప్పుడు వేళ్ళు కాసేపు ఆగిపోయాయి.

పిల్ల మాట చెప్పలేదు కదూ. తల్లిని వదిలేసి వచ్చిన రోజు సాయంత్రమే దాన్ని తులసికోట వెనకనుంచి తీసి, ఏ4 కాగితాల అట్టపెట్టెలో పెట్టి షాపుకి తెచ్చేశాను. అచ్చు తల్లి పోలిక. అదే బూడిదరంగు, అవే చారలు, చెవులు మాత్రం రెండూ పూర్తిగా ఉన్నాయి. పాప దానికి జెరాక్సు అని పేరు పెట్టింది. ఇప్పుడు ఆరేళ్ళది. మిషన్లో టోనరు పొడి కరిగి కాగితానికి అంటుకోవాలంటే వేడి కావాలి కదా, ఆ వేడికి పైమూత ఎప్పుడూ గోరువెచ్చగా ఉంటుంది. చలికాలం దాని కాపురం అక్కడే. ఎవరైనా ఆధార్ కార్డు కాపీ అడిగితే దాన్ని రెండు చేతులతో ఎత్తి పక్కన పెట్టి, కాపీ తీసి, మళ్ళీ ఎక్కించాలి. మొన్నొకాయన పాస్‌బుక్ కాపీలో నల్లగా వెంట్రుక వచ్చిందని గొడవ. ఇంకోటి ఉచితంగా తీసిచ్చాను.

నిన్న సాయంత్రం ఒక పెద్దాయన వచ్చారు. టులెట్ బోర్డు. ఇల్లు అద్దెకు ఇవ్వబడును, ఫోన్ నంబరు, కింద ఆ లైను. లైను ఇంకా సేవ్ చేసే ఉంది, తెచ్చి అతికించాను. ప్రింటు వచ్చేలోపు ఆయన జెరాక్సుని చూస్తూ నిలబడ్డారు. అది నిద్రలో మూతి నాక్కుంది.

"బాగుందండీ పిల్లి. ఏం పెడతారు దీనికి?"

కింద సొరుగు కాస్త తెరిచి ఉంది. లోపల నెత్తళ్ళ పొట్లం. మోకాలితో మెల్లిగా లోపలికి నెట్టాను.

"పెరుగన్నమేనండీ" అన్నాను.